పీపా బిట్టర్: ఇంగ్లండ్ పబ్‌లో దేన్ని ఎంచుకోవాలి?

ఇంగ్లండ్‌లో ఒక మోస్తరు పబ్‌లోకి వెళ్తే బార్ బల్ల మీద రెండు రకాల పరికరాలు కనిపిస్తాయి. మెరిసే లోహపు కుళాయిల నుంచి లాగర్ (మన దగ్గర మామూలుగా తాగే లేత రంగు బీరు), గిన్నిస్ అనే నల్ల బీరు వంటివి చల్లగా, గ్యాసు ఒత్తిడితో దిగుతాయి. వాటి పక్కనే నిలువుగా, పొడుగ్గా కొన్ని పిడులు ఉంటాయి. బార్ వెనుక ఉన్న మనిషి ఆ పిడిని తన వైపు రెండు మూడు సార్లు బలంగా లాగితే నేలమాళిగలోని పీపా నుంచి బీరు పైకి వస్తుంది. ఈ వ్యాసం ఆ పిడుల గురించి, వాటి నుంచి వచ్చే బీర్లలో బిట్టర్ అనే సంప్రదాయ రకం గురించి. చదువు కోసమో ఉద్యోగం కోసమో అక్కడికి వెళ్లిన మనవారికి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్రిజ్‌లోంచి తీసిన బీరుకు అలవాటుపడిన నాలుకకు, మొదటి గుటకలో ఇది చల్లదనం తగ్గి, గ్యాసు పోయిన సరుకులా అనిపించడం సహజమే. దాన్ని నిజంగా రుచి చూసి తేల్చుకోవాలంటే ఎంపిక క్రమాన్ని కొంచెం మార్చుకోవాలి. ఏ బ్రాండు అన్నది చివరి ప్రశ్న. ఏ పబ్ అన్నది మొదటిది, ఆ పబ్‌లో ఏ పీపా త్వరగా ఖాళీ అవుతోంది అన్నది రెండోది, బలం ఎంత అన్నది మూడోది.

ఈ క్రమం ఎందుకో తెలియాలంటే పీపాలో జరిగేది తెలియాలి. బ్రూవరీ నుంచి బయలుదేరేటప్పటికి పీపా బీరు పూర్తయిన సరుకు కాదు. వడకట్టకుండా, పాశ్చరీకరించకుండా, బతికి ఉన్న ఈస్ట్‌తో సహా పీపాలో నింపి పంపుతారు. పబ్ నేలమాళిగలో దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా ఊతాలు పెట్టి, పై రంధ్రంలో మెత్తటి చెక్క మేకు ఒకటి దిగగొడతారు. మిగిలిన చక్కెరను ఈస్ట్ తింటున్న కొద్దీ పుట్టే వాయువులో ఎక్కువ భాగం ఆ చెక్క గుండా మెల్లగా బయటికి పోతుంది. పొంగు తగ్గాక దాని స్థానంలో గట్టి చెక్క మేకు పెట్టి, మిగిలిన కాస్త వాయువును బీరులోనే నిలుపుతారు. ఈస్ట్ అడుగుకు చేరి బీరు తేటపడిన తర్వాతే అమ్మకం మొదలవుతుంది. ఆ క్షణం నుంచి, బీరు దిగిన మేరకు పీపాలోకి గాలి ప్రవేశిస్తుంది. దానితోపాటే క్షీణత కూడా మొదలవుతుంది. ఉదయం దించిన తాటికల్లుకూ సాయంత్రం దాకా కుండలో ఉన్న కల్లుకూ తేడా ఎరిగినవారికి ఈ సంగతి ఇంకా విడమరచి చెప్పనక్కర లేదు.

కెగ్ బీరు దీనికి పూర్తిగా భిన్నం. దాన్ని సాధారణంగా బ్రూవరీలోనే వడకట్టి, పాశ్చరీకరించి, మూసిన డబ్బాలో నింపుతారు. అమ్మేటప్పుడు కార్బన్ డయాక్సైడో నైట్రోజన్‌తో కలిపిన మిశ్రమమో దాన్ని పైకి నెడుతుంది. జాన్ స్మిత్స్ ఎక్స్‌ట్రా స్మూత్ వంటి కెగ్ బిట్టర్లు ఎక్కడ తాగినా, ఎప్పుడు తాగినా ఒకేలా ఉంటాయి: చల్లగా, నున్నగా, చెప్పుకోదగ్గ తప్పేమీ లేకుండా, గుర్తుంచుకోదగ్గ గుణమూ లేకుండా. పెద్ద బ్రూవరీలు పీపాలను వదిలి ఈ పద్ధతికి మళ్లుతున్న రోజుల్లోనే, 1971లో, నలుగురు యువకులు కామ్రా అనే వినియోగదారుల సంఘాన్ని మొదలుపెట్టారు. పీపా బీరును ‘రియల్ ఏల్’ అనే పేరుతో జనంలోకి తీసుకువెళ్లింది ఆ సంఘమే. కామ్రా వాదనలో అక్కడక్కడా మతావేశం కనబడుతుందన్న మాట నిజమే గాని, వారు లేకపోతే ఇప్పుడు ఎంచుకోవడానికి ఇన్ని పీపాలు మిగిలి ఉండేవి కావన్నదీ అంతే నిజం. పీపాకూ కెగ్‌కూ మధ్య తేల్చుకోవలసి వస్తే నా సలహా ఇది: పబ్ మీద నమ్మకం ఉంటే పీపా, లేకపోతే కెగ్. నిర్లక్ష్యంగా ఉంచిన పీపా బీరు కన్నా సాదాసీదా కెగ్ బీరే నయం.

మరి పబ్ మీద నమ్మకం ఎలా కుదురుతుంది? ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. పబ్‌లలో ఎక్కువగా వాడే పీపా పేరు ఫర్కిన్; అందులో 9 ఇంపీరియల్ గ్యాలన్లు, అంటే 72 పింట్లు పడతాయి. ఒక పింటు 568 మి.లీ. తెరిచిన పీపాను మూడు రోజుల్లో ఖాళీ చేయాలన్నది ఈ వృత్తిలో అందరూ చెప్పే నియమం. అడుగున పేరుకునే మడ్డిని పక్కన పెట్టినా, రోజుకు ఇంచుమించు 24 పింట్లు అమ్ముడైతేనే ఆ పీపా చివరి పింటు వరకు మర్యాదగా ఉంటుంది. ఒక పబ్‌లో ఎనిమిది పిడులు ఉంటే రోజుకు దాదాపు 190 పింట్ల పీపా బీరు అమ్ముడుపోవాలి. మంగళవారం మధ్యాహ్నం ఆరుగురు మనుషులున్న పబ్‌లో ఎనిమిది రకాల పీపా బీర్లు కనిపిస్తే అది వైభవం కాదు, ప్రమాద సూచన. అదే ఊళ్లో రెండే పిడులు ఉండి, బల్లల మీద సగానికి పైగా గ్లాసుల్లో ఒకే రాగి రంగు బీరు కనిపిస్తున్న పబ్ ఉంటే అక్కడికే వెళ్లాలి. కొన్ని పబ్‌లు 4.5 గ్యాలన్ల చిన్న పీపాలను తెప్పించుకుని ఈ చిక్కును తప్పించుకుంటాయి. అది బాధ్యత తెలిసిన యజమాని లక్షణం.

తలుపు దగ్గర క్యాస్క్ మార్క్ పలక ఉంటే ఆ పబ్ పీపా బీరు నాణ్యతను బయటి పరీక్షకులు వచ్చి చూశారని అర్థం. కామ్రా వెలువరించే గుడ్ బీర్ గైడ్‌లో పేరున్న పబ్‌ల కిటికీల మీద ఆ ఏటి స్టిక్కరు అంటించి ఉంటుంది. స్టిక్కరు ఏ సంవత్సరానిదో చూడటం మరచిపోకూడదు. బ్రూవరీ సొంత పబ్‌కూ, ఎవరి బీరైనా తెచ్చుకోగల ఫ్రీ హౌస్‌కూ మధ్య ఎంపిక ఉంటే, మొదటిసారి రుచి చూసేవారికి బ్రూవరీ సొంత పబ్‌నే సూచిస్తాను. రకాలు తక్కువగా ఉన్నా, ఆ బీరును ఎలా కుదురుగా ఉంచాలో అక్కడివారికి అనుభవం మీద తెలిసి ఉంటుంది. వెదర్‌స్పూన్ అనే పెద్ద సంస్థ ఊరూరా నడిపే పబ్‌లను చిన్నచూపు చూసేవారు ఉన్నారు. కానీ జనం ఎక్కువ, ధర తక్కువ, పీపాలు త్వరగా తిరుగుతాయి కాబట్టి రద్దీ ఉన్న శాఖ అయితే అది చెడ్డ ఎంపికేమీ కాదు.

వేళ కూడా లెక్కలోకి వస్తుంది. రాత్రంతా గొట్టంలో నిలిచిపోయిన బీరును పొద్దున పబ్ తెరవగానే పారబోయాలి. అందరూ పారబోయరు. అందుకే తెరిచీ తెరవకముందే వెళ్లి మొదటి పింటు తీసుకోవడం కన్నా, నాలుగైదు గ్లాసులు నిండిన తర్వాత అడగడం మంచిది. శుక్ర, శనివారాల సాయంత్రాల్లో అమ్మకం ఎక్కువ కాబట్టి పీపా తాజాగా ఉండే అవకాశం హెచ్చు, కానీ ఆ వేళ బార్ దగ్గర నిలబడి నాలుగు మాటలు అడిగే తీరిక ఎవరికీ ఉండదు. గురువారం సాయంత్రం నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇక బలం. పిడి ముందు తగిలించిన చిన్న పలక మీద బ్రూవరీ పేరు, బీరు పేరు, ఆల్కహాలు శాతం ఉంటాయి. బిట్టర్‌ను స్థూలంగా మూడు మెట్లుగా చెబుతారు. సాధారణ బిట్టర్ సుమారు 3.4 నుంచి 3.9 శాతం వరకు, బెస్ట్ బిట్టర్ 4 నుంచి 4.7 వరకు, ఆపైన ఉన్నది స్ట్రాంగ్ బిట్టర్. మన దగ్గర బీరు కొనేటప్పుడు బలం ఎక్కువైతే డబ్బుకు తగ్గ విలువ దక్కినట్టు భావించే అలవాటు బాగా నాటుకుపోయింది. 8 శాతం బలం ఉన్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు సీసాలోని ఆల్కహాలు, 3.8 శాతం బిట్టర్ రెండు పింట్లలో ఉన్నదాని కన్నా ఎక్కువ. ఆ కొలతతో బిట్టర్‌ను చూస్తే అది చౌకబారుగా తోస్తుంది. కానీ ఈ బీరును తీర్చిదిద్దిన ఉద్దేశమే వేరు. పని ముగించుకుని వచ్చిన మనుషులు ఒక సాయంత్రమంతా నిలబడి మాట్లాడుకుంటూ, మూడు పింట్లు తాగి కూడా మాట తడబడకుండా ఇంటికి వెళ్లేలా చేసిన బీరు ఇది. ఇంత తక్కువ ఆల్కహాలుతో రుచిని నిలబెట్టడం బ్రూవరుకు కష్టమైన పని. మాల్ట్‌లోనో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్‌లోనో (బీరుకు చేదును, వాసనను ఇచ్చే పూలు) చిన్న లోపం ఉన్నా దాచడానికి తీపీ ఉండదు, మత్తూ ఉండదు.

అయినా మొదటిసారికి సాధారణ బిట్టర్‌ను కాక బెస్ట్ బిట్టర్‌ను ఎంచుకోమంటాను. సాధారణ బిట్టర్ పలచగా ఉండటంతో చేదు నాలుకకు సూటిగా తగులుతుంది. అలవాటు లేనివారికి నీళ్లలో చేదు కలిపినట్టుంటుంది. బెస్ట్ బిట్టర్‌లో బిస్కెట్టును, కాస్త ఎర్రగా కాగిన చక్కెరను తలపించే మాల్ట్ రుచి ముందుగా వచ్చి, చేదు దాని వెనుక నడుస్తుంది. దాన్ని తెలుసుకున్నాక ఒక మెట్టు కిందికి దిగితే సాధారణ బిట్టర్‌లోని నేర్పు అర్థమవుతుంది. స్ట్రాంగ్ బిట్టర్‌తో మొదలుపెట్టినవారికి మిగతావన్నీ పలచగా తోచే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని చివరకు ఉంచుకోవాలి.

ఉత్తర, దక్షిణ ఇంగ్లండ్‌ల మధ్య ఒక తేడా ఉంది. దాని గురించి అక్కడివారు ఎంత సేపైనా వాదించుకుంటారు. యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాల్లో పంపు మూతికి స్పార్క్లర్ అనే సన్నని రంధ్రాల బిళ్ల ఒకటి తగిలిస్తారు. బీరు ఆ రంధ్రాల గుండా బలంగా చిమ్మడంతో అందులోని వాయువు విడివడి, వేలెడు మందాన తెల్లని, గట్టి, మీగడ లాంటి నురుగు ఏర్పడుతుంది. దక్షిణాన చాలా చోట్ల ఆ బిళ్ల వాడరు. బీరు మీద పలచని, పెద్ద బుడగల నురుగు కాసేపు నిలిచి చెదిరిపోతుంది. స్పార్క్లర్ వల్ల బీరు నోటికి నున్నగా తగులుతుంది, చేదు కొంత నురుగులోకి చేరి కింద బీరు మెత్తబడుతుంది. అది లేకపోతే మిగిలిన కొద్దిపాటి వాయువు బీరులోనే ఉండి నాలుకను చురుక్కుమనిపిస్తుంది, హాప్స్ వాసన సూటిగా ముక్కుకు తగులుతుంది. రెండింటిలో ఏది మేలు అని కాక, ఆ బీరును తయారు చేసినవారు ఏ పద్ధతిని మనసులో పెట్టుకున్నారో చూడటం సబబు. యార్క్‌షైర్ బీరు స్పార్క్లర్‌తో, ససెక్స్ బీరు అది లేకుండా తాగాలి. దక్షిణాది బీరుకు స్పార్క్లర్ తగిలించిన పబ్‌లో దాన్ని తీసి పోయమని అడగవచ్చు, తప్పుగా అనుకోరు. పంపుతో పని లేకుండా పీపాకు నేరుగా కుళాయి బిగించి పోసే పబ్‌లు కూడా కొన్ని మిగిలి ఉన్నాయి. అలాంటిది ఎదురైతే వదలకూడదు, ఎందుకంటే గొట్టాల ప్రమేయం లేకుండా వచ్చే బీరు అది.

బ్రాండ్ల విషయానికి వస్తే, కీత్లీ ఊరి టిమొతీ టేలర్ వారి ల్యాండ్‌లార్డ్ 4.3 శాతం బలంతో, హాప్స్ పరిమళంతో, కొసన తీపి మిగలని చక్కని పొడితనంతో ఉంటుంది. కామ్రా ఏటేటా ఇచ్చే ఛాంపియన్ బీర్ ఆఫ్ బ్రిటన్ బహుమతిని అది నాలుగు సార్లు గెలిచింది. కానీ నేలమాళిగలో దాని పొంగు అణగడానికి ఓపిక పట్టాలి. తొందరపడి అమ్మే పబ్‌లో దాని అసలు రుచి తెలియదు. కాబట్టి లండన్‌లో ఏదో ఒక పబ్‌లో తాగిన ల్యాండ్‌లార్డ్‌ను బట్టి దాని మీద తీర్పు చెప్పడం అన్యాయం. లూయిస్ పట్టణంలోని హార్వీస్ వారి ససెక్స్ బెస్ట్ 4 శాతం. అందులో మాల్ట్ నిండుగా ఉంటుంది, ఆ బ్రూవరీ ఈస్ట్ ఇచ్చే ఒక విధమైన పండు వాసన ఉంటుంది, మట్టి వాసన కలిసిన ఆంగ్ల హాప్స్ చేదు చివరిదాకా నిలుస్తుంది. ఒక్క బెస్ట్ బిట్టర్‌నే ఎంచుకోమంటే నా ఓటు దీనికే. ఫుల్లర్స్ లండన్ ప్రైడ్ పీపాలో 4.1 శాతం. సీసాలో అమ్మేది అంతకన్నా బలంగా ఉంటుంది, రుచి కూడా వేరు. కనుక సూపర్‌మార్కెట్‌లో సీసా కొని దాన్నే పబ్ బీరుగా భావించకూడదు.

బర్టన్ ఆన్ ట్రెంట్ బిట్టర్ల కథ వేరు. ఆ ఊరి బావుల నీటిలో జిప్సం ఎక్కువ. అది హాప్స్ చేదును పదునెక్కిస్తుంది. తాజా బీరు మీద అగ్గిపుల్ల గీసినప్పటి గంధకపు వాసనను ఒక్క క్షణం తేలుస్తుంది. తెలియనివారు ఆ వాసనను చెడిపోయిన గుర్తుగా భావించి గ్లాసు వెనక్కి ఇస్తారు. డ్రాఫ్ట్ బాస్, మార్స్టన్స్ పెడిగ్రీ ఈ కోవలోవి. బాస్ వారి ఎర్ర త్రిభుజం 1876లో బ్రిటన్‌లో నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్క్. ఇంత చరిత్ర ఉన్నా ఈ రోజు ఆ బీరు మంచి స్థితిలో దొరికే పబ్‌ను వెతుక్కోవలసిందే. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు టాడ్‌కాస్టర్‌లోని శామ్యూల్ స్మిత్ బ్రూవరీ వారి పబ్‌లను చూడవచ్చు. వారి ఓల్డ్ బ్రూవరీ బిట్టర్ ఇప్పటికీ చెక్క పీపాల్లో వస్తుంది. ఆ పబ్‌లలో సంగీతం ఉండదు, మొబైల్ ఫోన్లు వాడనివ్వరు. కొందరికి అదే ఆకర్షణ.

బార్ దగ్గర మొహమాటం అక్కరలేదు. డబ్బు ఇచ్చే ముందు కొంచెం రుచి చూపించమని అడగడం మామూలు విషయం. చిన్న గ్లాసులో రెండు గుటకలు ఉచితంగా పోస్తారు. రెండు మూడు బీర్లను పోల్చాలనుకుంటే మూడో వంతు పింటు గ్లాసులు ఉన్నాయేమో అడగాలి, లేకపోతే సగం పింట్లు తీసుకోవాలి. తక్కువ బలం ఉన్నదాన్ని ముందు, ఎక్కువ బలం ఉన్నదాన్ని తరువాత తాగాలి. యువకులు పాస్‌పోర్టు వంటి గుర్తింపు పత్రం దగ్గర ఉంచుకోవాలి. మద్యం కొనడానికి 18 ఏళ్లు నిండాలన్నది చట్టమైనా, 25 లోపు వయసులా కనిపించే ఎవరినైనా చాలా చోట్ల అడుగుతారు.

గ్లాసు చేతికి వచ్చాక ముందు వెలుతురుకు ఎత్తి చూడాలి. తేటగా ఉండాలి, మసకగా అమ్మే బీరు అయితే ఆ సంగతి పలక మీద రాసి ఉంటుంది, లేదా బార్ వెనుక ఉన్నవారు ముందే చెబుతారు. తరువాత వాసన, తరువాత గుటక. వేడి 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటే సరైనదే. అంతకన్నా చల్లబడితే మాల్ట్, ఈస్ట్ రుచులు ముడుచుకుపోతాయి. అందులోని వాయువు లాగర్‌లో ఉన్నదానిలో సగం కూడా ఉండదు గాని, బొత్తిగా లేకుండా ఉండకూడదు. పుల్లని వెనిగర్ వాసన, తడిసిన అట్టముక్క వాసన, నాలుక మీద వెన్న పూసినట్టు జిడ్డు, జీవం లేని చప్పదనం: వీటిలో ఏది కనిపించినా ఆ పీపా పని అయిపోయిందని అర్థం. రెండు గుటకలకు మించి తాగకుండా గ్లాసు తీసుకువెళ్లి, ఇది సరిగా లేదనిపిస్తోందని మర్యాదగా చెబితే మంచి పబ్‌లో వాదించకుండా మారుస్తారు. సగం తాగాక వెళ్తే ఆ మాటకు బలం ఉండదు. చేదు నచ్చకపోవడం వేరు, బీరు చెడిపోవడం వేరు అన్న తేడాను మాత్రం మనం నిజాయితీగా పాటించాలి.

శాకాహారులు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. పీపా బీరును తేటపరచడానికి చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ వాడతాయి. అది ఎండబెట్టిన చేపల గాలితిత్తుల నుంచి తీసేది. ఈస్ట్‌తో కలిసి అది అడుగుకు చేరుతుంది గాని, శాకాహార నియమం ఉన్నవారికి అంతటితో తృప్తి కలగకపోవచ్చు. అలాంటివారు ఐసింగ్లాస్ కలపని పీపా ఉందా అని అడగాలి, లేదా పలక మీద వీగన్ అన్న మాట కోసం చూడాలి. అటువంటి బీరు కాస్త మసకగా ఉండవచ్చు. దాన్ని తప్పుగా లెక్కించకూడదు.

అసలు బిట్టరే వద్దనుకోదగినవారు కూడా ఉన్నారు. ఎండాకాలం సాయంత్రం దాహంతో వెళ్లినవారికి పీపాలోనే దొరికే గోల్డెన్ ఏల్ మేలు. రంగు లేత, మాల్ట్ తేలిక, నిమ్మజాతి పరిమళం ఎక్కువ. చేదు బొత్తిగా సహించనివారు మైల్డ్ అనే నల్లని, మెత్తని బీరును వెతకాలి, వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో అయితే అది సులభంగానే దొరుకుతుంది. ఆ ప్రాంతంలోనే పంజాబీ కుటుంబాలు నడిపే దేశీ పబ్‌లు ఉన్నాయి. అక్కడ మిక్స్‌డ్ గ్రిల్‌తో పాటు కొన్నింటిలో పీపా బీరు కూడా ఉంటుంది. అయితే కారం తిన్న నోటికి హాప్స్ చేదు మరింత ఘాటుగా తగులుతుంది, బిట్టర్‌లోని సన్నని రుచులేవీ అందవు. రుచి చూడటమే ఉద్దేశమైతే బీరు ముందు, భోజనం తరువాత.

ఇవన్నీ కలిపి చూస్తే, లండన్‌లో ఒక్క సాయంత్రమే ఉన్నవారికి రద్దీగా ఉన్న ఫుల్లర్స్ పబ్‌లో ప్రైడ్ పింటు సరైన ఎంపిక. ఒక పూట తీరిక ఉంటే విక్టోరియా స్టేషన్ నుంచి రైలులో ఇంచుమించు గంట ప్రయాణం చేసి లూయిస్ వెళ్లి, బ్రూవరీ నీడలోనే ససెక్స్ బెస్ట్ తాగడం అంతకన్నా మేలు. లీడ్స్‌లోనో బ్రాడ్‌ఫర్డ్‌లోనో చదువుకుంటున్నవారికి ల్యాండ్‌లార్డ్ పుట్టిన చోటు పక్కనే ఉంది. దాన్ని స్పార్క్లర్‌తోనే తాగాలి. ఫుల్లర్స్ ఈఎస్‌బీ (ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్) 5.5 శాతం. నారింజ మార్మలేడ్ రుచితో, నిండైన మాల్ట్‌తో గొప్పగా ఉంటుంది గాని, దాన్ని చివర్లో, సగం పింటుకు మించకుండా, కారు తాళాలు ఇంట్లో వదిలి వచ్చిన రోజునే తీసుకోవాలి.